పళ్ళకు క్లిప్పులున్న పిల్లలకు పండుగ తినుబండారాలు: ఏరడం నుంచి తోమడం దాకా

క్లిప్పులు వేసిన రోజున డాక్టరు ఇచ్చే కాగితంలో 'గట్టివి వద్దు, అతుక్కునేవి వద్దు' అని ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ రెండు ముక్కలూ సరిపోతాయి. పండుగో సెలవులో వచ్చి ఇంట్లో డబ్బాలు పేరుకున్నాక సరిపోవు. కేకు మెత్తగానే ఉంటుంది, లోపల బాదం పలుకు తగులుతుంది. చాక్లెట్ మంచిదే, ఫ్రిజ్‌లోంచి తీసి కొరికితే రాయి. అందుకే తినుబండారం పేరు పట్టుకుని జాబితా వేసుకుంటే లాభం లేదు. అది నోట్లో ఏం చేస్తుంది, ఎంతసేపు ఉంటుంది అన్నదే చూడాలి.

ముందుగా ఒక సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బ్రాకెట్టును (తీగను పట్టి ఉంచే చిన్న ముక్క) పంటికి అతికించే రెసిన్ అనే జిగురు‌కు కావాలనే ఓ మోస్తరు పట్టు మాత్రమే ఉంచుతారు. చికిత్స పూర్తయ్యాక ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) పెచ్చు లేవకుండా దాన్ని ఊడదీయాలి కదా. ఒత్తిడి కొలమానంలో 6 నుంచి 8 మెగాపాస్కల్‌ల పట్టు చాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న లెక్క. మెత్తటి తిండి నమలడానికి ఆ పట్టు ధారాళంగా సరిపోతుంది. ముందుపళ్ళతో గట్టిదాన్ని కొరికినప్పుడు బ్రాకెట్టును పక్కకు తోసే బలం పుడుతుంది. బంకలాంటిది అతుక్కుని పైకి లాగినప్పుడు పీకే బలం పుడుతుంది. ఈ రెంటికీ ఆ పట్టు లొంగుతుంది.

ఒక్క బ్రాకెట్టు ఊడితే పోయేదేముంది అనిపించవచ్చు. ఊడిన పంటిమీద తీగ పట్టు పోతుంది. పన్ను కదలడం ఆగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా వెళుతుంది. రెండు అపాయింట్‌మెంట్ల మధ్య సాధారణంగా 4 నుంచి 8 వారాల వ్యవధి ఉంటుంది. అందులో మొదటి వారం ఊడిన బ్రాకెట్టును చివరిదాకా అలాగే వదిలేస్తే చికిత్స అంత మేర ఆలస్యమవుతుంది.

1. నోట్లో ఏముందో చూసుకోండి

అద్దం ముందు పిల్లల చేత నోరు తెరిపించి ఒకసారి చూడండి. పళ్ళమీద అతికించిన చిన్న చిన్న బ్రాకెట్లు, వాటి గుండా పోయే తీగ, తీగను పట్టి ఉంచే రంగు రబ్బరు రింగులు, వెనక దవడ పళ్ళకు గొట్టాలో, చుట్టూ తొడిగిన లోహపు పట్టీలో కనిపిస్తాయి. తీగ చివరలు ఆ వెనక గొట్టాల్లో దూరి ఉంటాయి. చికిత్స మొదట్లో వేసే తీగ బాగా సన్ననిది. అది వంగడానికీ, గొట్టంలోంచి జారి బయటికి రావడానికీ పెద్ద బలం అక్కర్లేదు. క్లిప్పులు వేసిన మొదటి నెలల్లోనే పండుగ వస్తే మరింత కట్టడి ఎందుకంటే అందుకే.

అంగుడిని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ ఉంటే జిగురు తిండి దాని పైకి ఎక్కి కూర్చుంటుంది, నాలుకకు అందదు. సూది లేని సిరంజిలో నీళ్లు పట్టి చిమ్మితే వస్తుంది. అలైనర్లు (క్లిప్పులకు బదులు పళ్ళకు తొడిగే, తీసి పెట్టుకోగల పారదర్శక తొడుగులు) వాడే పిల్లలకైతే తిండిమీద ఆంక్షలు దాదాపు లేవు. తీసి తినాలి, పళ్ళు తోముకుని మళ్ళీ పెట్టుకోవాలి. వాళ్లకు చిక్కల్లా గంటలతోనే. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకుని ఉండాల్సినవి, పండుగ రోజున అరగంటకోసారి ఏదో ఒకటి తినడం కోసం తీస్తూ ఉంటే 14, 15 గంటలకు పడిపోతాయి. తీసినవాటిని చేతిరుమాలులోనో టిష్యూలోనో చుట్టి పక్కన పెడితే చెత్తబుట్టలోకి పోవడం ఖాయం. వాటి డబ్బా వెంట ఉండాల్సిందే.

2. మూడు పరీక్షలు

డబ్బాలో ఉన్న ప్రతి రకంలోంచీ ఒక్కటి తీసి పిల్లలకు ఇచ్చే ముందు మీరే చూడండి. నిమిషం కన్నా ఎక్కువ పట్టదు.

గట్టిదనం: చెంచా అంచుతో నొక్కండి. చేతి బరువుకే తెగితే పరవాలేదు. టక్కుమని విరిగి ముక్కలు ఎగిరితే, లేదా బలమంతా పెట్టినా దిగకపోతే పక్కన పెట్టండి. తినే వేడిలోనే పరీక్షించాలి. ఫ్రిజ్‌లో పెట్టి తినేదైతే ఫ్రిజ్‌లోంచి తీసి చూడండి.

జిగురు: చిన్న ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పది సెకన్లు నొక్కి పట్టి వేళ్ళు విడదీయండి. తీగలా సాగినా, వేలి చర్మాన్ని పట్టి లాగినా బ్రాకెట్టునూ అలాగే లాగుతుంది. వేలి వేడి నోటి వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష చాలావరకు నిజమే చెబుతుంది. కొన్ని జెల్లీలు పొడి వేళ్ళకు అంటుకోవు, తడి తగలగానే బంకవుతాయి. వేళ్ళు తడిపి మరోసారి నొక్కండి.

నిలవ: గోరువెచ్చని నీళ్లలో ముక్క వేసి కదపండి. రెండు మూడు నిమిషాల్లో కరిగిపోయేది నోట్లోంచీ త్వరగానే పోతుంది. అడుగున ముద్దగా మిగిలేది బ్రాకెట్ల చుట్టూ కూడా మిగులుతుంది.

గట్టిదనం, జిగురు పరీక్షల్లో ఒక్కటి తప్పినా ఆ పదార్థం వద్దు. నిలవ పరీక్ష మాత్రమే తప్పితే వద్దనక్కర్లేదు, తిన్న వెంటనే శుభ్రం చేసుకునే వీలుంటే ఇవ్వవచ్చు.

3. డబ్బా విప్పి ఏరడం

చాక్లెట్‌తో మొదలుపెడదాం, ఎక్కువ గొడవ దానితోనే. కలుపులేమీ లేని చాక్లెట్ క్లిప్పుల పిల్లలకు దొరికే మంచి తీపి. కోకో వెన్న 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంటే నోటి వేడికే. నమలనక్కర్లేదు. అయితే ఫ్రిజ్‌లోంచి తీసి కనీసం 20 నిమిషాలు బయట ఉంచాలి. మందపాటి బిళ్ళలైతే ముందే విరిచి వేలి గోరంత ముక్కలు చేసి ఇవ్వాలి. లోపల కారమెల్, గింజలు, ఎండు ద్రాక్ష, కరకరలాడే ముక్కలు ఉన్న బార్లు మాత్రం పై పూత ఎంత మెత్తగా ఉన్నా పనికిరావు. రేపరు మీద పదార్థాల పట్టిక చదివే అలవాటు ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

టాఫీ, కారమెల్, నూగాలాంటి సాగే మిఠాయిలు ఒక్కటీ వద్దు. 'చప్పరిస్తాను, నమలను' అని పిల్లలు మాటిస్తారు. సగం కరిగాక నోరు దానంతట అదే నమిలేస్తుంది. సరిగ్గా ఆ మెత్తబడిన దశలోనే టాఫీ జిగురు ఎక్కువ. గట్టి బిళ్ళలు, పుల్ల మిఠాయిలది ఇంకో తీరు. కొరికితే బ్రాకెట్టు పోతుంది, కొరకకుండా పది నిమిషాలు చప్పరిస్తే అంతసేపూ పళ్ళు చక్కెర నీళ్లలో నానినట్టే.

గమ్మీలు చేతికి మెత్తగా తగిలి మోసం చేస్తాయి. తడిపి నొక్కి చూస్తే గుట్టు తెలుస్తుంది. పుల్లటి పొడి చల్లినవాటిలో సిట్రిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఆమ్లం, చక్కెర, జిగురు మూడూ ఒకేచోట చేరిన సరుకు అది, మొహమాటం లేకుండా తీసేయండి. చెంచాతో తినే జెల్లీకి ఈ చిక్కు లేదు.

పాప్‌కార్న్ విషయంలో పెద్దలు ఎక్కువగా పొరబడతారు, తేలిగ్గా ఉంటుంది కాబట్టి. అందులో రెండు ప్రమాదాలున్నాయి. పేలని గింజ పంటి కింద పడితే బ్రాకెట్టు లేస్తుంది. ఇక గింజ పైపొర రేకులా పలచగా ఉండి చిగురుకూ పంటికీ మధ్య దూరుతుంది. తీగ అడ్డం వల్ల బ్రష్షు దాన్ని అందుకోలేదు. రెండు మూడు రోజుల్లో అక్కడ చిగురు వాచి, ఒక్కోసారి చీము పడుతుంది. గింజ లేకుండా మొక్కజొన్న పిండితో ఉబ్బించిన మెత్తటి రకాలు, నాలుక మీద పెట్టగానే కరిగిపోయేవి, దానికి బదులు ఇవ్వవచ్చు.

గింజలు, పప్పులు పలుకులుగా వద్దు. మెత్తగా రుబ్బిన వెన్నలాగానో, పొడి కొట్టి కేకులోనో పాయసంలోనో కలిపో ఇస్తే అదే రుచి, అదే బలం. పొడిలో పలుకులు మిగలకుండా ఒకసారి జల్లించండి. ఎండు ద్రాక్ష, ఖర్జూరం, అంజీర్ ఆరోగ్యానికి మంచివన్న పేరున్నా జిగురు పరీక్షలో తప్పుతాయి. రాత్రంతా నానబెట్టి, మెత్తగా నూరి పాలలో కలిపితే సరిపోతుంది.

ఎండలు ముదిరాక ఐస్‌క్రీమ్ నిశ్చింతగా ఇవ్వవచ్చు, చెంచాతో, పలుకులు లేనిది, గట్టి కోను లేకుండా. చల్లటి పదార్థం క్లిప్పుల నొప్పిని తగ్గించడం వెనక ఒక కారణం కూడా ఉంది. మొదటి దశల్లో ఎక్కువగా వేసేవి నికెల్ టైటానియం తీగలు. వాటిలో వేడికి స్పందించే రకాలు చల్లబడితే కాసేపు మెత్తబడి పంటిమీద ఒత్తిడి సడలిస్తాయి. ఐస్‌క్రీమ్ కరిగిపోయాక తీగ మళ్ళీ తన పని తాను చేసుకుంటుంది. గ్లాసులో మిగిలిన ఐసుముక్కలు కొరకడం మాత్రం మానిపించాలి. పుల్ల ఐసు గట్టిగా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, గిన్నెలో వేసి పొడిచేసి ఇవ్వండి.

పండ్లలో అరటి, బాగా పండిన పియర్, పుచ్చ, కమలా తొనలు అలాగే పెట్టవచ్చు. ఆపిల్, జామలాంటి గట్టివాటిని ముందుపళ్ళతో కొరకకూడదు. అర సెంటీమీటరు మందాన ముక్కలు కోసి ఇస్తే దవడ పళ్ళతో నమలవచ్చు. పచ్చి క్యారెట్ కంటే ఆవిరిమీద ఉడికించినది మేలు. మొక్కజొన్న పొత్తు ఉడికించి, గింజలు కత్తితో ఒలిచి గిన్నెలో వేయండి. రేగు, చెర్రీలాంటి వాటి గింజలు తీసేశాకే ఇవ్వాలి. మాటల్లో పడి కసుక్కున కొరికేది ఆ గింజనే.

చూయింగ్ గమ్ మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. చక్కెర లేనిదైనా సరే మీ డాక్టరు ఒప్పుకుంటేనే. చక్కెర లేని మిఠాయిలన్నిటికీ ఒక షరతు వర్తిస్తుంది. వాటిలో వాడే సార్బిటాల్, మాల్టిటాల్‌లాంటివి ఎక్కువ తింటే పిల్లలకు కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. పైగా 'చక్కెర లేదు' అంటే గట్టిగా లేదనో జిగురు లేదనో అర్థం కాదు.

రంగు రింగులు వేయించుకున్న పిల్లలకు ఓ మాట. పసుపు, ముదురు రంగు సాసులు, బెర్రీ రసాలు, టీ, గాఢమైన ఫుడ్ కలరు లేతరంగు, పారదర్శక రింగులకు పట్టేస్తాయి. పంటికి హాని లేదు, తర్వాతి అపాయింట్‌మెంట్‌లో రింగులు మారుస్తారు. ఫొటోల రోజు దగ్గర్లో ఉంటే ముదురు రంగు రింగులు అడగండి.

4. ఇంట్లో చేస్తే పాకం దగ్గర జాగ్రత్త

ఇంట్లో చేసే తీపి క్లిప్పులకు పనికొస్తుందా లేదా అన్నది చాలామట్టుకు పాకం దగ్గరే తేలిపోతుంది. వంటకు వాడే థర్మామీటరు ఉంటే చక్కెర పాకం లెక్కలు ఇవి: 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లనీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కడుతుంది. 118 నుంచి 120 మధ్య ఉండ గట్టిపడి, సాగుతుంది. 146 దాటి 154 దాకా పోతే చల్లారాక గాజులా టక్కున విరుగుతుంది.

క్లిప్పుల పిల్లలకు చేసేటప్పుడు 114 దగ్గర దించేయండి. థర్మామీటరు లేకపోతే పళ్ళెంలో చల్లనీళ్లు పోసి ఒక చుక్క వేయండి. వేళ్ళతో ఉండ చేసి బయటికి తీస్తే అది తనంతట తానే అణిగిపోవాలి. ఉండ గుండ్రంగా నిలిచి ఉంటే పాకం ముదిరినట్టే. రెండు చెంచాల వేడినీళ్లు జాగ్రత్తగా పోసి కలిపి, మళ్ళీ చూసుకోవచ్చు. పాకం చిమ్ముతుంది కాబట్టి పిల్లల్ని పొయ్యి దగ్గర ఉండనివ్వకండి.

దించాక గరిటెతో బాగా తిప్పడం వల్ల చక్కెర సన్నటి పలుకులు కట్టి, నోట్లో రాలిపోయే గుల్లతనం వస్తుంది. తిప్పకుండా వదిలేస్తే జిగురు మిగులుతుంది. పాలు, వెన్న కలిపినవి ఇంకా మెత్తగా ఉంటాయి. కార్న్ సిరప్, గ్లూకోజ్ సిరప్, తేనె చక్కెరను పలుకు కట్టనివ్వవు, అందుకే అవి కలిపినవి సాగుతాయి. ఈ ఒక్క కారణంతో 'తేనెతో చేసింది, మంచిది' అన్న మాట ఇక్కడ చెల్లదు.

బిస్కెట్లు, కుకీలు మరీ ఎర్రగా వేపకుండా అంచులు రంగు మారుతుండగానే తీసేయండి, వాటికి మధ్యలో మెత్తదనం ఉండాలి. డబ్బాలో ఒక బ్రెడ్డు ముక్క వేసి మూత పెడితే ఆ తేమకు రెండో రోజుకీ మెత్తగా ఉంటాయి. గట్టిపడినవాటిని పాలలో ముంచుకుని తినమనండి. కస్టర్డ్, పుడ్డింగ్, మెత్తటి కేకు, పెరుగులో పండ్ల గుజ్జు మరో ఆలోచన అక్కర్లేనివి.

ముక్కలన్నీ ఒకటిన్నర సెంటీమీటరుకు మించకుండా కోయండి. అసలు ఉద్దేశం ముందుపళ్ళతో కొరికే పని లేకుండా చేయడం.

5. ఎప్పుడు, ఎన్నిసార్లు

తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. పంటిమీద పీహెచ్ (ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5కి దిగువకు పోతే ఎనామిల్‌లోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. క్లిప్పుల చుట్టూ పాచి ఎక్కువగా నిలుస్తుంది. అక్కడ ఖనిజాలు కరిగిన చోట సున్నం రంగు మచ్చలు ఏర్పడతాయి. శుభ్రత బాగా లోపిస్తే నాలుగు వారాల్లోనే అవి కంటికి కనిపించవచ్చు. క్లిప్పులు తీసిన రోజున పళ్ళు వరసగా ఉండి, ఒక్కోదాని మీదా బ్రాకెట్టు ఆకారంలో గుర్తు మిగలడం అంటే ఇదే.

కాబట్టి ఒక్కసారి కూర్చుని ఆరు ముక్కలు తినడం, రోజంతా గంటకొకటి చొప్పున ఆరు తినడం ఒకటి కాదు. మొదటిది ఒక దాడి, రెండోది ఆరు. తీపికి భోజనం చివరే మంచి సమయం, అప్పుడు లాలాజలం ఎక్కువ ఊరుతుంది. పడుకునే ముందు బొత్తిగా వద్దు, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.

తీగ బిగించిన తర్వాత మూడు నుంచి అయిదు రోజులు పళ్ళు సలుపుతాయి. పండుగకు ముందురోజు అపాయింట్‌మెంట్ పడితే వారం ముందుకో వెనక్కో మార్చమని అడగండి. నొప్పికి పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

పిల్లలకు పంచిపెట్టిన పొట్లంలో సగం తీసేస్తే వాళ్ళకు కష్టంగానే ఉంటుంది. తీసేసిన ప్రతిదానికీ బదులు ఒకటి ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఏరే పని కూడా వాళ్ళ చేతే చేయించండి. వేళ్ళ పరీక్ష పదేళ్ళ పిల్లలకు ఆటలా ఉంటుంది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు మీరు పక్కన లేకపోయినా అది గుర్తుంటుంది.

6. తిన్న తర్వాత

వెంటనే నీళ్లు పుక్కిలించాలి, బలంగా, బుగ్గలు ఉబ్బేట్టు, రెండు మూడు సార్లు. పుల్లటివి తింటే బ్రష్షు చేయడానికి కనీసం 30 నిమిషాలు ఆగాలి, అప్పుడు ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది కాబట్టి.

ఆరేళ్ళు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. కనీసం 1000 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఫ్లోరైడ్ ఉందో లేదో ట్యూబు మీద చూడండి. బ్రష్షును బ్రాకెట్టు పైనుంచి కిందికి 45 డిగ్రీల వాలులో ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి పట్టాలి. బ్రాకెట్టుకూ చిగురుకూ మధ్య సన్నటి గీతలాంటి జాగాలోనే పాచి ఎక్కువ మిగులుతుంది. తీగ కింద దూరే చిన్న బ్రష్షుతో ప్రతి సందులోనూ నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. పుక్కిలించి ఉమ్మడం వచ్చిన ఆరేళ్ళు పైబడిన పిల్లలకు 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రవం రోజుకోసారి వాడవచ్చేమో డాక్టర్ని అడగండి. తోమడం అయ్యాక టార్చి వేసి తీగ పొడుగునా చూడండి. పక్కకు తిరిగినదో తీగ మీద జారుతున్నదో ఏదైనా ఉంటే ఆ రాత్రే కనిపిస్తుంది.

7. అయినా ఊడితే

బ్రాకెట్టు తీగకు వేలాడుతుంటే లాగేయకండి. టిష్యూతో తుడిచి పొడిగా చేసి, డాక్టరు ఇచ్చిన మైనం బఠాణీ గింజంత తీసుకుని వేళ్ళ మధ్య మెత్తబరిచి దానిమీద అద్దండి. తడి ఉంటే మైనం నిలవదు. తీగ చివర బుగ్గకు గుచ్చుకుంటే పెన్సిల్ వెనక ఉండే రబ్బరుతో మెల్లగా పంటివైపు వంచి చూడండి. వంగకపోతే మైనం పెట్టండి. గాటు పడితే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించమనండి.

దవడ పంటి పట్టీ వదులైతే మాత్రం సెలవులు అయ్యేదాకా ఆగకండి. దానికింద తిండి చేరి కనిపించకుండా పుచ్చు మొదలవుతుంది. ఊడి చేతికొచ్చిన ఏ ముక్కనైనా చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. బ్రాకెట్టు మింగేస్తే సాధారణంగా దానంతట అదే మలంలో పోతుంది, డాక్టరుకు ఫోను చేసి చెబితే చాలు. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, మింగుడు పడకపోయినా ముక్క గాలి గొట్టంలోకో ఆహార నాళంలోకో పోయి ఇరుక్కుని ఉండవచ్చు. అప్పుడు దంతవైద్యుడి కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి.